క్షయ రోగి బరువు పెరగకపోతే తప్పెవరిది?

2025 నాటికి దేశాన్ని క్షయ నుంచి విముక్తం చేస్తామని 2018 మార్చిలో ఢిల్లీ సదస్సులో ప్రధాని మోదీ ప్రకటించారు. ప్రపంచం పెట్టుకున్న గడువు కన్నా అయిదేళ్లు ముందే ఆ పని పూర్తి చేస్తామన్నారు. ఆ గడువు దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2015లో మన దేశంలో లక్ష జనాభాకు 237 మందికి కొత్తగా టీబీ వస్తే, 2024లో 187 మందికి వచ్చింది. తగ్గిన మాట నిజమే. అయినా ప్రపంచంలో టీబీ బారిన పడుతున్న ప్రతి నలుగురిలో ఒకరు ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు.

ఈ వైఫల్యం గురించి చర్చ వచ్చినప్పుడల్లా కొత్త పరీక్షా యంత్రాలు, కొత్త మందులు, యాప్‌లు, వంద రోజుల ప్రచారాల గురించి చాలా వింటున్నాం. ప్రతి రోగి చికిత్స కార్డులో ఉండే ఒక చిన్న గడి గురించి మాత్రం పెద్దగా వినం. అది బరువు గడి. మందు మొదలుపెట్టిన రోజు రోగిని తూస్తారు. ఆ తర్వాత నెలనెలా తూయాలి. అంకె పెరిగితే మందు పనిచేస్తోందని, పెరగకపోతే ఏదో తేడా ఉందని అనుకుంటారు.

ఆ ‘ఏదో తేడా’ ఎక్కడుందన్నదే మా ప్రశ్న. బరువు అంకెలో మందు ఒక్కటే ఉండదు, తిండి కూడా ఉంటుంది. కూలి దొరికిందా లేదా, ఇంట్లో ఎవరు ముందు తిన్నారు, రేషన్ బియ్యంతో పాటు పప్పు ఉందా అన్నవన్నీ ఉంటాయి. వీటిని వదిలేసి ఆ అంకెతో రోగిని అంచనా వేయడం, ఆపైన రోగినే తప్పుపట్టడం మన వాడల్లో ఎక్కువగా జరుగుతున్న అన్యాయం. అందుకే ఈ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు, దానికి ఎవరు జవాబు చెప్పాలి అన్నది మన కార్యకర్తలకూ విద్యార్థులకూ తెలిసి ఉండాలి.

బరువు ఏం చెబుతుంది

క్షయ అన్న పేరులోనే తరిగిపోవడం ఉంది. ఈ జబ్బులో జ్వరం ఒంటిలోని శక్తిని ఖర్చు చేస్తుంది. ఆకలి చచ్చిపోతుంది. తిన్న కొద్దిపాటి తిండి కూడా కండగా మారదు. మందు మొదలై సూక్ష్మజీవుల సంఖ్య తగ్గగానే జ్వరం తగ్గుతుంది, ఆకలి తిరిగి వస్తుంది. అప్పుడు తిండి దొరికితే బరువు పెరుగుతుంది. ఈ క్రమం వల్లే, ఖరీదైన పరీక్షలు లేని చోట కూడా కోలుకుంటున్న తీరును తెలుసుకోవడానికి తూకం పనికొస్తుంది.

దీనికి మన దేశం నుంచే గట్టి ఆధారం ఉంది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో ‘రేషన్స్’ అనే పరిశోధన చేసింది. దాని ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. ఊపిరితిత్తుల టీబీ ఉన్న 2,800 మంది రోగులకు ఆరు నెలల పాటు నెలకు 10 కిలోల ఆహారం, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అందులో బియ్యం, పప్పు, పాలపొడి, నూనె వంటివి ఉన్నాయి. అంటే రోగి ఇంట్లో తినేదానికి అదనంగా రోజుకు 1,200 కేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు. ఆ మాంసకృత్తులు ఎనిమిది తొమ్మిది గుడ్లలో ఉండేంత.

చికిత్సలో చేరిన రోజున ఆ రోగుల్లో అయిదుగురిలో నలుగురు ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువున్నారు. దాదాపు సగం మంది బీఎంఐ 16 కన్నా తక్కువ. ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చెప్పే ఈ లెక్కలో 18.5 కన్నా తక్కువ ఉంటే పోషకాహార లోపం, 16 కన్నా తక్కువ ఉంటే తీవ్రమైన లోపం. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో మరణించే ముప్పు సుమారు 60 శాతం తక్కువగా కనిపించింది.

అమెరికా, కెనడా రోగులపై జరిగి 2006లో వచ్చిన మరో అధ్యయనం చికిత్స ముగిశాక జబ్బు తిరగబెట్టడాన్ని పరిశీలించింది. జబ్బు గుర్తించేనాటికే తక్కువ బరువున్నవాళ్లలో, మొదటి రెండు నెలల్లో 5 శాతం కన్నా ఎక్కువ పెరగనివాళ్లకు 18.4 శాతం మందికి టీబీ తిరిగి వచ్చింది. అంతకన్నా ఎక్కువ పెరిగినవాళ్లలో అది 10.3 శాతమే. మొదటి రెండు నెలల తూకం ఎందుకంత ముఖ్యమో ఈ రెండు అధ్యయనాలూ చెబుతున్నాయి. చావును గానీ, తిరగబెట్టడాన్ని గానీ ఆపడానికి ఇంకా సమయం ఉన్నప్పుడు వచ్చే హెచ్చరిక అది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. జార్ఖండ్‌లో రోగులందరికీ ఆహారం ఇచ్చారు. ఇవ్వని రోగులతో పోలిక లేదు. కాబట్టి బరువు పెరగడమే వాళ్లను బతికించిందని ఖాయంగా అనలేం. జబ్బు తక్కువగా ఉన్నవాళ్లే త్వరగా బరువు పెరిగి ఉండవచ్చు కూడా. అయితే ఎవరి మీద ఎక్కువ కన్ను వేసి ఉంచాలో ఆ అంకె చెబుతుందనడంలో మాత్రం అనుమానం లేదు.

బరువు ఏం చెప్పదు

బరువు పెరిగితే టీబీ పోయినట్టు కాదు. ఈ మాట వాడల్లో పదే పదే చెప్పాల్సి ఉంది. రెండు నెలలు మాత్రలు వేసుకుని, దగ్గు తగ్గి, ఒళ్లు చేసి, ‘బాగయింది కదా’ అని కూలికి పోయి మందు మానేసేవాళ్లు ఎక్కడైనా కనిపిస్తారు. చికిత్సలో మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసి పనిచేస్తాయి. మిగతా నాలుగు నెలల మాత్రలు దాక్కుని ఉన్న సూక్ష్మజీవుల కోసం. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదమూ ఉంది. జబ్బు నయమైందని తేల్చేది కళ్లె పరీక్ష, అంటే తెమడ పరీక్షే. తూకం ఆ పరీక్షకు తోడు మాత్రమే.

అంకె పెరగడం ఒక్కోసారి మోసం కూడా చేస్తుంది. మాంసకృత్తులు బాగా తగ్గిపోయిన రోగికి కాళ్లకు నీరు దిగుతుంది. త్రాసు మీద అది బరువుగానే కనబడుతుంది. కాబట్టి తూసేటప్పుడు పాదాలు వాచాయేమో కూడా చూడాలి. బరువు పెరగకపోవడానికీ కారణాలు చాలా ఉంటాయి. అదుపులో లేని షుగరు, హెచ్ఐవీ, మందులకు లొంగని టీబీ, మాత్రల వల్ల వచ్చే వాంతులు, కామెర్లు, మందులు సమయానికి అందకపోవడం, అన్నిటికీ మించి తిండి లేకపోవడం. వీటిని ఒక్కొక్కటిగా వెతకాలి. 2024 మార్చిలో చాలా రాష్ట్రాల్లో టీబీ మందులకు కొరత వచ్చి, స్థానికంగా కొనుక్కోమని కేంద్రమే రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. అటువంటి నెలల్లో తూకం పడిపోతే రోగిని ఏమనాలి?

మద్రాసు పాఠాన్ని ఎలా చదివారు

తిండికీ చికిత్సకూ సంబంధం లేదన్న ఆలోచన మన టీబీ కార్యక్రమంలో దశాబ్దాల పాటు ఎందుకు నిలిచిందో తెలియాలంటే 1950ల నాటి మద్రాసుకు వెళ్లాలి. అప్పటి మద్రాసులో పేద రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టును శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి, మందులు ఇచ్చారు. రెండో జట్టుకు అవే మందులు ఇచ్చి ఇరుకు ఇళ్లలోనే, అరకొర తిండితోనే ఉంచారు. 1959లో వచ్చిన ఫలితాలు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. కళ్లెలో సూక్ష్మజీవులు మాయమవడంలో రెండు జట్ల మధ్య పెద్ద తేడా లేదు. శానిటోరియంలో ఉన్నవాళ్లు మాత్రం ఎక్కువ బరువు పెరిగారు.

ఇది పేదల పక్షాన వచ్చిన గొప్ప ఫలితమే. శానిటోరియంలో మంచం దొరకని కోట్లాది మందికి ఇంటి దగ్గరే చికిత్స సాధ్యమని అది నిరూపించింది. కానీ దాన్నుంచి విధానాలు తీసుకున్న పాఠం వేరు. ‘తిండి లేకపోయినా మందు పనిచేస్తుంది’ అన్న మాట మెల్లగా ‘తిండి అవసరం లేదు’ అన్న మాటగా మారింది. అవి రెండూ ఒకటి కావు. కళ్లె శుభ్రపడిన మనిషి మళ్లీ పారపట్టి కూలి చేయగలడా, రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా, ఆ ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు రాకుండా ఉంటుందా అన్నవి మిగిలిపోయిన ప్రశ్నలు. తూకంలో కనబడిన తేడాను పక్కన పెట్టడంతో ఆ ప్రశ్నలూ పక్కకు పోయాయి. రోగి చేతికి తిండి కోసం నేరుగా డబ్బు ఇచ్చే దేశవ్యాప్త పథకం రావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

34 కిలోల మనిషి లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. పల్లెల నుంచి, అడవి గూడేల నుంచి వచ్చే పేదలే అక్కడి రోగులు. అక్కడ చికిత్సకు వచ్చిన సుమారు 1,700 మంది టీబీ రోగుల వివరాలు 2013లో ప్రచురించారు. పురుషుల మధ్యస్థ బరువు 42 కిలోలు. స్త్రీలది 34 కిలోలు. సగం మంది స్త్రీలు అంతకన్నా తక్కువే ఉన్నారన్నమాట. పెద్దవాళ్ల బరువు ఇది, బడికెళ్లే పిల్లలది కాదు.

ఇప్పుడు 5 శాతం లెక్క వేసి చూద్దాం. 34 కిలోల స్త్రీకి 5 శాతం అంటే 1.7 కిలోలు. రెండు నెలల్లో ఆమె 35.7 కిలోలకు వచ్చిందనుకుందాం. కార్డు మీద అది మంచి ఫలితమే. ఆమె ఎత్తు 150 సెంటీమీటర్లు అయితే బీఎంఐ ఇంకా 16 దాటలేదు. తీవ్రమైన పోషకాహార లోపంలోనే ఉంది. 18.5కు చేరాలంటే ఆమె కనీసం 41.6 కిలోలు ఉండాలి. అంటే ఏడున్నర కిలోలు పెరగాలి. శాతం చెబుతున్నది ఆమె ఏ దిక్కుకు నడుస్తోందన్నది. గమ్యం ఇంకా ఎంత దూరమో అది చెప్పదు. ఆరు నెలలు నిండి, కళ్లె శుభ్రపడి, ‘చికిత్స విజయవంతం’ అని పోర్టల్‌లో నమోదయ్యే నాటికి కూడా ఆమె ఆకలి మనిషిగానే మిగిలిపోవచ్చు. గనియారిలో చికిత్స పూర్తయ్యాక కూడా స్త్రీలలో సగం మంది, పురుషుల్లో మూడింట ఒక వంతు ఒక మోస్తరు నుంచి తీవ్రమైన లోపంతోనే ఉన్నారు. టీబీ తిరిగి రావడానికి ఇంతకన్నా అనువైన నేల ఉండదు.

తూకానికి మరో ముఖ్యమైన పని ఉంది. మాత్రల మోతాదును నిర్ణయించేది అదే. 2017 నుంచి అమల్లోకి వచ్చిన రోజువారీ చికిత్సలో పెద్దవాళ్లకు 25 నుంచి 34 కిలోల వరకు రోజుకు రెండు మాత్రలు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. 34కీ 35కీ మధ్య ఒక మాత్ర తేడా. చెప్పులతో, తడి చీరతో, ముల్లు సరిగా నిలవని పాత త్రాసు మీద తూస్తే ఆ తేడా తప్పుతుంది. చికిత్సలో 5 కిలోల పైగా పెరిగి పై శ్రేణిలోకి వెళ్లిన రోగికి మోతాదు పెంచాలి. మొదటి రోజు అంకెనే నెలనెలా దించి రాసే చోట అది ఎలా జరుగుతుంది? కాబట్టి మంచి త్రాసు, ఎత్తు కొలిచే బద్ద ప్రతి ఉపకేంద్రంలో ఉండటం చిన్న విషయం కాదు. ఎత్తు రాయకపోతే బీఎంఐ తెలియదు. బీఎంఐ తెలియకపోతే ఎవరు ప్రమాదంలో ఉన్నారో తెలియదు.

ఈ బరువు ఎవరిది

టీబీ సూక్ష్మజీవికి కులం లేదంటారు. సూక్ష్మజీవికి లేకపోవచ్చు. అది జబ్బుగా మారే ఒంటికి మాత్రం ఉంది. దేశంలో కోట్లాది మంది ఒంట్లో ఈ సూక్ష్మజీవి నిద్రపోతూ ఉంది. వాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం జబ్బు రాదు. ఒంటి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడే అది లేస్తుంది. మన దేశంలో ఆ శక్తిని తగ్గించే కారణాల్లో పోషకాహార లోపానిదే పెద్ద వాటా. బీఎంఐ ఒక్క పాయింటు తగ్గితే టీబీ వచ్చే ముప్పు దాదాపు 14 శాతం పెరుగుతుందని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన లెక్క చెబుతోంది.

ఎవరి బీఎంఐ తక్కువ? భూమి లేనివాళ్లది, రోజు కూలి మీద బతికేవాళ్లది, పిల్లలకు పెట్టి మిగిలింది తినే తల్లులది. పారిశుద్ధ్య పనిలో, రాతి క్వారీల్లో, క్రషర్ల దగ్గర, ఇటుక బట్టీల్లో పనిచేసే ఒళ్లెవరివో మనకు తెలుసు. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ టీబీ ముప్పును ఇంకా పెంచుతుంది. ఊరి చివర ఇరుకు ఇళ్లలో ఒకే గదిలో అయిదారుగురు పడుకుంటే ఒకరి దగ్గు అందరిదీ అవుతుంది. ఇవన్నీ కులం కట్టిన ఇళ్లు, కులం పంచిన పనులు. టీబీ రాకముందే ఈ మనుషులు తక్కువ బరువున్నారు. జబ్బు వచ్చి ఆ ఉన్నది కూడా తీసుకుపోతుంది.

అటువంటి మనిషి ఆసుపత్రికి వచ్చి, రెండు నెలల తర్వాత బరువు పెరగకపోతే వినబడే మాటలు ఎలా ఉంటాయో మన కార్యకర్తలకు కొత్త కాదు. ‘మాత్రలు సరిగా మింగడం లేదు’, ‘తాగుతున్నాడు’, ‘వీళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు’. తాగుడు వల్ల చికిత్స చెడిపోయే రోగులు లేరని మేము అనడం లేదు. వాళ్లకూ తిట్టు కాదు, సాయం కావాలి. కానీ కారణాలు వెతకకుండానే రోగి స్వభావం మీదకు నెట్టేయడం కుల సమాజానికి అలవాటైన పద్ధతి. తూకం గడిలోని అంకె ఆ అలవాటుకు శాస్త్రం లాంటి ఆధారంగా మారకూడదు.

తిండి విషయంలో ఇంకో పక్షపాతమూ ఉంది. ‘పాలు, పండ్లు, గుడ్లు బాగా తినండి’ అని చీటీ మీద రాసిస్తారు. చవకగా దొరికే మాంసకృత్తుగా మన వాడలు తరతరాలుగా తింటున్న గొడ్డుమాంసం ఆ చీటీలో కనిపించదు. పైగా గోరక్షణ పేరుతో జరిగే దాడులు, భయాలు దాన్ని మరింత దూరం చేస్తున్నాయి. కండ కరిగిపోయిన రోగికి ఏ తిండి ‘మంచిది’ అన్నది పోషక విలువ చూసి తేల్చాలి, పవిత్రత చూసి కాదు.

వెయ్యి రూపాయలు, నిక్షయ్ మిత్రలు

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనలేం. 2018 ఏప్రిల్‌లో నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు 500 రూపాయలు మొదలుపెట్టారు. ఆరేళ్లకు పైగా ఆ మొత్తం మారలేదు. 2024 నవంబరు 1 నుంచి 1,000 చేశారు. బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉన్నవాళ్లకు మొదటి రెండు నెలలు శక్తినిచ్చే పోషకాహారం అదనంగా ఇస్తామన్నారు. ఇది జార్ఖండ్ పరిశోధన నుంచి వచ్చిన మార్పే. స్వాగతించాల్సిందే.

అయితే వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు. జార్ఖండ్‌లో ఒక్కో రోగికి ఆహారం ఖర్చు 2019 ధరల్లో నెలకు 13 డాలర్లు, అప్పటి లెక్కలో 900 రూపాయల పైచిలుకు. అది మూటలుగా కొని ఇంటికి చేర్చిన సరుకు. ఇవాళ ఊళ్లో కిరాణా కొట్లో వెయ్యి రూపాయలకు అంత సరుకు రాదు. పైగా కూలి ఆగిపోయిన ఇంట్లో ఖాతాలో పడిన డబ్బు ముందు అప్పుకో, ఆటో ఖర్చుకో, పిల్లల అవసరానికో పోతుంది. ఖాతా లేనివాళ్లకు, ఆధార్ కలవనివాళ్లకు, వలస వెళ్లినవాళ్లకు అదీ ఆలస్యమే. మొదటి రెండు నెలల్లో తిండి అందాలి. డబ్బు అయిదో నెలలో పడితే తూకానికి దానివల్ల ప్రయోజనం ఏముంది?

2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర కార్యక్రమం వచ్చింది. దాతలు, కంపెనీలు, నాయకులు రోగులను ‘దత్తత’ తీసుకుని ఆహారపు సంచులు ఇస్తారు. 2024 అక్టోబరు నుంచి రోగి కుటుంబాన్ని కూడా అందులో చేర్చారు. ఇచ్చే చేతులను మేము తప్పుపట్టడం లేదు. కానీ దాత దొరికితే తిండి, దొరకకపోతే లేదు అన్నది హక్కు కాదు. టీబీ ఉందని తెలిస్తే పని పోతుందని, ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందని దాచుకునే సమాజంలో సంచి పట్టుకుని ఫొటోకు నిలబడమనడం ఇంకో శిక్ష. ఇప్పటికే అంటరానితనం మోస్తున్న మనిషికి రెండో అంటరానితనం అంటగట్టడమే అది. ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. అది దాతల విధి అని చెప్పలేదు.

జార్ఖండ్ పరిశోధనలో అన్నిటికన్నా గట్టి ఫలితం రోగులది కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లది. అక్కడ సరైన పోలిక ఉంది. 10,345 మంది కుటుంబ సభ్యుల్లో ఒక జట్టుకు ఆహారం ఇచ్చారు, మరో జట్టుకు ఇవ్వలేదు. వాళ్లలో మూడింట రెండు వంతులు సంతాల్, హో, ముండా, ఒరాన్, భూమిజ్ వంటి ఆదివాసీలు. పెద్దవాళ్లకు ఇచ్చింది నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు, అంతే. ఆ ఇళ్లలో టీబీ 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తులకు వచ్చి పరీక్షలో తేలిన టీబీ 48 శాతం తగ్గింది. 30 కుటుంబాలకు తిండి ఇస్తే ఒక కొత్త టీబీని ఆపవచ్చని తేలింది.

దీన్ని మన రాష్ట్రాలకు అన్వయించి చూడండి. ఆహార భద్రతా చట్టం కింద రేషన్ కార్డున్న మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తోంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే ఆ మూటలో బియ్యం భాగం ఇప్పటికే మన ఇళ్లకు చేరుతోంది. లేనిది కిలోన్నర కందిపప్పు. టీబీ ఉన్న ఇంట్లో ప్రతి మనిషికీ ఆరు నెలల పాటు కిలోన్నర పప్పు ఇవ్వడానికి కొత్త మంత్రిత్వ శాఖ అక్కర్లేదు. ఉన్న రేషన్ దుకాణం, ఉన్న కార్డు చాలు. కార్డు లేని కుటుంబానికి టీబీ నిర్ధారణ అయిన వారంలోనే కార్డు ఇవ్వగలగాలి.

పక్క రాష్ట్రం చేసిన పని

తూకాన్ని చదివి చర్య తీసుకోవడం సాధ్యమేనని తమిళనాడు చూపించింది. 2022లో మొదలైన అక్కడి పథకం లక్ష్యం టీబీ మరణాలు తగ్గించడం. జబ్బు గుర్తించిన వెంటనే ప్రతి రోగినీ మూడు విషయాల్లో చూస్తారు. బరువు ప్రమాదకరంగా తక్కువగా ఉందా, ఊపిరి ఆడటం కష్టమవుతోందా, సాయం లేకుండా నిలబడగలరా. ప్రయోగశాల అవసరం లేదు. త్రాసు, ఎత్తు బద్ద, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఉంటే ఆరోగ్య కార్యకర్త చేయగల పని ఇది. ప్రమాదంలో ఉన్నవాళ్లను మాత్రలిచ్చి ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో చేర్చుకుంటారు. టీబీ మరణాల్లో ఎక్కువ భాగం చికిత్స మొదలైన తొలి వారాల్లోనే జరుగుతాయి కాబట్టి, ఆరు నెలల తర్వాత ఫలితం చూడటం కన్నా మొదటి రోజు తూకం చూడటమే ప్రాణాలు కాపాడుతుంది.

ఇక్కడ బరువు రోగి మీద తీర్పు కాలేదు. వ్యవస్థ ఇప్పుడేం చేయాలో చెప్పే ఆదేశం అయింది. మేము కోరుతున్న తేడా ఇదే.

మనం అడగాల్సినవి

మొదటిది, ఉపకేంద్రం స్థాయిలో. మీ ఊళ్లో మందు వాడుతున్న రోగులతో వాళ్ల అనుమతితో మాట్లాడండి. మొదటి రోజు, రెండో నెల చివర, ఆరో నెల చివర తూశారా? ఎత్తు కొలిచారా? ఆ అంకెలు రోగికి చెప్పారా? బరువు పెరగని రోగికి కళ్లె పరీక్ష, షుగరు, హెచ్ఐవీ పరీక్షలు మళ్లీ చేశారా? పోషణ డబ్బు ఏ నెలలో పడింది? రోగి పేరు, ఇల్లు బయటపడకుండా ఈ వివరాలు సేకరించడం విద్యార్థి బృందాలు చేయగల పని.

రెండోది, జిల్లా స్థాయిలో. సమాచార హక్కు చట్టం కింద జిల్లా టీబీ అధికారిని అడగండి. గత ఏడాది నమోదైన రోగుల్లో బీఎంఐ 18.5 కన్నా తక్కువ, 16 కన్నా తక్కువ ఎందరు? వాళ్లలో రెండు నెలలకు 5 శాతం పెరగనివాళ్లు ఎందరు, వాళ్ల విషయంలో ఏం చేశారు? అదనపు పోషకాహారం ఎందరికి ఎన్ని రోజుల్లో అందింది? మరణించినవాళ్లు చేరిన రోజున ఎంత బరువున్నారు? ఈ లెక్కలన్నీ ఎస్సీ, ఎస్టీ వారీగా విడగొట్టి ప్రచురించాలని కోరండి. కులం వారీ లెక్క బయటికి రాకపోతే ఈ జబ్బు ఎవరిని తింటోందన్న ప్రశ్న కూడా బయటికి రాదు.

మూడోది, రాష్ట్ర స్థాయిలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత ఉద్యమం సాధించుకున్న 2013 సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మన చేతుల్లో ఉన్నాయి. ఆ నిధులు రోడ్లకో, అందరికీ వర్తించే పథకాల ఖాతాలోకో మళ్లుతున్నాయని ఏళ్లుగా కొట్లాడుతున్నాం. ఎస్సీ, ఎస్టీ టీబీ రోగుల ఇళ్లకు ఆరు నెలల పాటు పప్పు, నూనె, గుడ్లు రేషన్ ద్వారా ఇవ్వడం ఆ చట్టాల ఉద్దేశానికి నూటికి నూరు పాళ్లు సరిపోయే ఖర్చు. మిగతా పేద రోగులకు సాధారణ ఆరోగ్య బడ్జెట్ నుంచి ఇవ్వాలి. చికిత్స విజయానికి ఇప్పుడున్న కొలమానం పక్కన మరొకటి చేర్చాలి: ఆరో నెల చివర రోగి బీఎంఐ 18.5 దాటిందా లేదా. దాటకపోతే మాత్రలు ఆగినా తిండి ఆగకూడదు.

జార్ఖండ్‌లో చేరిన రోజున పని చేయగల స్థితిలో ఉన్న రోగులు నూటికి ముగ్గురే. చికిత్సతో పాటు తిండి కూడా అందాక, ఆరు నెలల చివర నాలుగింట మూడు వంతుల మంది పనికి వెళ్లగలిగారు. కూలి మీద బతికే ఇంటికి కళ్లె పరీక్ష కాగితం కన్నా ఆ మాటే ముఖ్యం. ఈ నెల మీ ఉపకేంద్రానికి వెళ్లినప్పుడు ముందుగా త్రాసు పనిచేస్తోందో లేదో చూడండి. తర్వాత కార్డులు తీయించి, రెండో నెల గడిలో ఏం రాశారో చదవండి.